సంచి కావాలా అంటే 'నో' అనేశాను

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. చదువు పదో తరగతి దాకా, అదీ తెలుగు మీడియం. మా అమ్మాయి దగ్గరికి వచ్చి నాలుగు నెలలవుతోంది. ఇక్కడ షాపుల్లో ఇంగ్లీష్ తప్ప ఇంకో భాష నడవదు. ప్రతిదానికీ అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లడం నాకే నామోషీగా అనిపించి, ఫోన్‌లో 'షాపింగ్‌కి పనికొచ్చే 300 ఇంగ్లీష్ పదాలు' అని ఒకటి కనబడితే నోట్‌బుక్‌లో అర్థాలతో సహా రాసుకుని బట్టీ పట్టాను. మొన్న ఒక్కదాన్నే వెళ్లాను. సామాన్లు తీసుకోవడం వరకు బాగానే జరిగింది. డబ్బులు కట్టేచోట అక్కడున్న అమ్మాయి గడగడా ఏదో అడిగింది. ఒక్క ముక్క అర్థం కాక 'నో' అనేశాను. తీరా చూస్తే ఆమె అడిగింది సంచి కావాలా అని. సామానంతా చేతుల్లో, చంకల్లో ఇరికించుకుని ఇంటికొచ్చాను. అదే రోజు కొన్న బూట్లు కూడా బిగుతుగా ఉన్నాయి. మార్చుకోవాలంటే మళ్లీ మాట్లాడాలి కదా అని మూలన పడేశాను. ఈ వయసులో నాకు ఇంగ్లీష్ వస్తుందంటారా? ఇంకా ఎన్ని పదాలు నేర్చుకోవాలి?

సమాధానం: చంకలో సామాన్లు ఇరికించుకుని నడిచొస్తున్న మిమ్మల్ని ఊహించుకుని కాస్త నవ్వుకున్నాను, ఏమీ అనుకోకండి, ఎందుకంటే నాది అంతకంటే అన్యాయం. కొత్తలో ఒక పెద్ద షాపులో బిల్లు కట్టేసి 'వన్ కవర్ ప్లీజ్' అన్నాను. మనకి కవర్ అంటే సామాన్లు వేసిచ్చే సంచే కదా. ఆ కుర్రాడు కాసేపు ఆలోచించి, లోపలికెళ్లి, ఫోన్‌కి తొడిగే కవర్లు నాలుగు రంగుల్లో పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. నేను 'నో నో, కవర్, కవర్' అని గొంతు పెంచాను, గట్టిగా అంటే అర్థమైపోతుందని కాబోలు. ఈసారి అతను దిండు గలీబులున్న వైపు చెయ్యి చూపించాడు. నా వెనక లైన్‌లో ఉన్నాయన చేతిలో ఉన్న సంచి చూపించి 'దట్, దట్' అంటే అప్పుడు 'ఓ, ఎ బ్యాగ్!' అన్నాడు. బ్యాగ్ అనే మాట నాకు రాదా? చిన్నప్పటి నుంచీ వచ్చు. అక్కడ కావాల్సింది అదేనని తెలియలేదు, అంతే.

మీ సంగతీ అదే. ఇంకెన్ని పదాలు నేర్చుకోవాలి అని అడిగారు. ప్రస్తుతానికి ఒక్కటి కూడా వద్దు. ఆ నోట్‌బుక్ తీసి, మీకు ముందే తెలిసిన పదాలన్నిటికీ ఒక టిక్ పెట్టి చూడండి. సైజు, బిల్లు, డిస్కౌంట్, క్యాష్, కార్డు, బాటిల్, ప్యాకెట్, సోప్, షర్ట్, షూస్... ఇవన్నీ మనం రోజూ తెలుగులో కలిపి మాట్లాడేవే, సగం పేజీలు టిక్కులతోనే నిండిపోతాయి. పదాలు మీ దగ్గర బోలెడున్నాయి. లేనివి రెండు: ఆ పదాన్ని పెట్టి అడగడానికి ఒక చిన్న వాక్యం, ఎదుటి మనిషి అడిగింది పట్టుకునే చెవి. ఆ 300 పదాల లిస్టులు మీరు చెప్పాల్సినవే నేర్పుతాయి తప్ప మీకు ఎదురయ్యేవి నేర్పవు, నాకు వాటి మీద కోపం అందుకే. మొన్న మీరు ఇరుక్కుపోయింది మాట్లాడలేక కాదు, వినబడింది అర్థం కాక.

కాబట్టి మొదట చెవి సంగతి చూద్దాం. డబ్బులు కట్టేచోట కూర్చున్న మనిషి రోజంతా, వారమంతా, ఏడాదంతా అవే నాలుగైదు ప్రశ్నలు అడుగుతూ ఉంటుంది. ఇంకా ఏమైనా కావాలా, సంచి కావాలా, క్యాషా కార్డా, రిసీట్ కావాలా, మా షాపు మెంబర్‌షిప్ కార్డు ఉందా. ఇంతే. రోజుకి కొన్ని వందల సార్లు చెప్పీ చెప్పీ అరిగిపోయి ఉంటాయి కాబట్టి, మనం పుస్తకంలో చూసినట్టు విడివిడిగా వినబడవు. 'డూ యు నీడ్ ఎ బ్యాగ్?' అని రాసుకుంటాం, చెవికి చేరేది 'డ్యునీడబ్యాగ్'. 'వుడ్ యు లైక్ యువర్ రిసీట్?' అన్నది 'వుజులైక్యరిసీట్' అయిపోతుంది. 'క్యాష్ ఆర్ కార్డ్?' అంటే 'క్యాషర్‌కార్డ్'. 'ఈజ్ దట్ ఎవ్రీథింగ్?' అంటే ఇంతేనా, ఇంకేమైనా ఉందా అని. మనమూ తక్కువ తినలేదు, 'ఏం చేస్తున్నావు' అని పలికేవాళ్లెవరు, 'ఏంజేస్తున్నావ్' అంటాం. తెలుగు నేర్చుకుంటున్న వాళ్లకి అది ఎలా వినబడుతుందో, వాళ్ల మాట మనకి అలా వినబడుతుంది.

దీనికో ఉపాయం ఉంది. వాక్యమంతా పట్టుకోవాలని చూడకండి, చివరి మాట ఒక్కటి పట్టుకోండి. ఇంగ్లీష్‌లో ఇలాంటి చిన్న ప్రశ్నల్లో అసలు సంగతి దాదాపు ఎప్పుడూ చివర్లోనే ఉంటుంది, కాస్త ఒత్తి పలికేదీ అదే: బ్యాగ్, కార్డ్, రిసీట్. 'బ్యాగ్' అని వినబడిందా, ఇక ముందున్నది ఏదైనా మీకు అనవసరం. జవాబుకి కూడా చాలావాటికి రెండే రెండు మాటలు, 'యెస్, ప్లీజ్' లేదా 'నో, థ్యాంక్స్'. క్యాషా కార్డా అంటే మాత్రం 'క్యాష్, ప్లీజ్' అనో 'కార్డ్, ప్లీజ్' అనో అనాలి, ఇంతేనా అని అడిగితే 'యెస్, థ్యాంక్స్'. ఉత్త 'యెస్', ఉత్త 'నో' కాకుండా ఆ తోకలు తగిలించడం అలవాటు చేసుకోండి. అవి లేకపోతే మాట కాస్త కటువుగా వినబడుతుంది.

అర్థం కానప్పుడు మాత్రం 'యెస్ యెస్' అనో 'నో' అనో తోసెయ్యకండి. తల ఊపేస్తే గండం గడుస్తుందని అనిపిస్తుంది, కానీ మీకు తెలిసొచ్చింది కదా, గండం చంకలోకి వచ్చి కూర్చుంటుంది. 'సారీ?' అని చివర్లో గొంతు కొంచెం పైకి లేపి అడగండి చాలు, మళ్లీ చెప్పండి అని దాని అర్థం. ఇంకా పెద్దది కావాలంటే 'సారీ, కుడ్ యు సే దట్ అగైన్, స్లోలీ, ప్లీజ్?'. బట్టీ పట్టే ఓపిక మీకుంది కాబట్టి ఈ ఒక్క వాక్యాన్ని పట్టండి, మిగతా 300 కంటే ఇదే ఎక్కువ అన్నం పెడుతుంది. దీన్ని అడగడంలో తప్పేమీ లేదు, ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్లు కూడా సందడి ఉన్న షాపులో రోజూ అడిగేదే.

ఇప్పుడు మీరు మాట్లాడే వైపుకొద్దాం. మనకి తెలుగులో మర్యాద అంతా క్రియ చివర 'అండి'లో ఉంటుంది. 'ఇవ్వండి', 'చూపించండి' అంటే చాలు, వేరే 'దయచేసి' అక్కర్లేదు. 'దయచేసి' అన్నామంటే మనల్ని బ్యాంకు ఫారం చదువుతున్నారా అన్నట్టు చూస్తారు కూడా. ఇంగ్లీష్‌లో 'అండి' లేదు. 'గివ్' అంటే ఇవ్వు, ఇవ్వండి రెండూ అదే. అందుకని మనం మనసులో 'ఇవ్వండి' అనుకుని పైకి 'గివ్ మీ దట్' అంటే వాళ్లకి 'అది ఇటివ్వు' అన్నట్టు వినబడుతుంది. 'ఐ వాంట్' కూడా అంతే, పిల్లలు మారాం చేసినట్టుంటుంది. ఆ 'అండి' పని చేసిపెట్టేవి 'కుడ్', 'కెన్', 'ప్లీజ్'. 'కుడ్ ఐ సీ దట్ వన్, ప్లీజ్?' అంటే 'అదొకసారి చూపిస్తారా అండీ' అన్నట్టే. 'కెన్ ఐ హావ్ టూ ఆఫ్ దీజ్, ప్లీజ్?' అంటే 'ఇవి రెండు ఇవ్వండి'. చిత్రమేమిటంటే వాళ్లు 'నేను తీసుకోవచ్చా' అని అడుగుతారు, 'నువ్వివ్వు' అనరు. ఆ ఒక్క మలుపు పట్టుబడితే మిగతాదంతా వస్తువు పేరు మార్చుకుంటూ పోవడమే.

వస్తువు పేరు తెలియకపోతే? అప్పుడు మన తెలుగే సాయం చేస్తుంది. 'పెద్దది', 'ఎర్రది', 'అవతలిది', 'చిన్నవి', 'నల్లవి' అంటాం కదా. ఆ 'ది'కి ఇంగ్లీష్‌లో 'వన్', ఆ 'వి'కి 'వన్స్'. పెద్దది అంటే 'ద బిగ్ వన్', ఎర్రవి అంటే 'ద రెడ్ వన్స్', అదిగో అది అంటే 'దట్ వన్'. వేలు పెట్టి చూపిస్తూ 'నాట్ దిస్ వన్, ద బ్లూ వన్' అన్నారంటే, ఇది కాదు ఆ నీలంది అని అర్థమైపోయింది. దాని పేరు చీపురో చాటో ఎవడికి కావాలి! ఇంకొంచెం పెద్దది కావాలంటే 'ఎ బిగ్గర్ వన్', చిన్నది కావాలంటే 'ఎ స్మాలర్ వన్', ఇంకాస్త తక్కువ ధరది కావాలంటే 'ఎ చీపర్ వన్'. ఇక్కడే ఒక మాట. 'చీప్' అన్న మాటకి మన 'చవక', 'చవకబారు' రెండు అర్థాలూ ఉన్నాయి. 'ఎనీథింగ్ చీపర్?' అని అడగడంలో తప్పులేదు, కానీ ఎవరైనా వాళ్లు కొనుక్కున్నది చూపిస్తే మెచ్చుకోబోయి 'వెరీ చీప్!' అనకండి, నాసిరకం అన్నట్టు తగులుతుంది. 'గుడ్ ప్రైస్' అనండి, 'ఎ బార్గెన్' అన్నా బాగుంటుంది. మనకి బార్గెన్ అంటే బేరమాడటం అనే అనిపిస్తుంది కానీ, 'ఇట్స్ ఎ బార్గెన్' అంటే చవగ్గా మంచి సరుకు దొరికిందని, కారుచవక అంటామే అది.

ధర అడగడం తేలికే, కానీ అందరం తప్పు చేసేదీ అక్కడే. 'దిస్ హౌ మచ్?' అనేస్తాం, 'ఇదెంత' అన్న తెలుగులో క్రియ ఉండదు కాబట్టి. అర్థమవుతుంది, పని నడుస్తుంది, ఎవరూ కొట్టరు. సరిగ్గా కావాలంటే ఒక్కటైతే 'హౌ మచ్ ఈజ్ దిస్?', ఎక్కువైతే 'హౌ మచ్ ఆర్ దీజ్?'. ప్యాంటు, కత్తెర, కళ్లజోడు మనకి ఒక్కటే గానీ ఇంగ్లీష్‌లో అవి ఎప్పుడూ రెండే: ట్రౌజర్స్, సిజర్స్, గ్లాసెస్. రెండు కాళ్లు, రెండు రెక్కలు, రెండు అద్దాలు ఉన్నాయి కదా, అదీ లెక్క. వాటిని 'ఆర్ దీజ్' అనే అడగాలి, లేదా 'ఎ పెయిర్ ఆఫ్' అని ముందు తగిలించాలి. 'రేట్ ఎంత' అనే అలవాటుతో 'వాట్ ఈజ్ ద రేట్?' అనకండి, వస్తువుకి 'ప్రైస్' అనాలి. రేట్ అన్నది హోటల్ గదికీ, వడ్డీకీ, డబ్బు మార్చుకునేచోటా వాడతారు.

అంకెలు వినడంలో ఒక చిక్కుంది. ఫిఫ్టీన్, ఫిఫ్టీ. థర్టీన్, థర్టీ. వేగంగా అంటే ఆ చివరి 'న్' వినబడదు. ఒత్తు ఎక్కడుందో చూడండి: 15 అయితే సాగదీసి చివర్లో ఒత్తుతారు, 'ఫిఫ్‌టీఈన్'. 50 అయితే మొదట్లోనే ఒత్తి చివర వదిలేస్తారు, 'ఫిఫ్టి'. అనుమానం వస్తే 'వన్ ఫైవ్ ఆర్ ఫైవ్ జీరో?' అని అడిగేయండి, నేనిప్పటికీ అడుగుతాను. 19.99 లాంటిది ఉంటే మధ్యలో పాయింట్ అనరు, 'నైన్‌టీన్ నైంటీ నైన్' అని ఊరుకుంటారు. ఏదో సంవత్సరం చెబుతున్నారేంటి అనిపిస్తుంది మొదట. మెషీన్ మీద అంకె ఎలాగూ కనబడుతుంది, అటు చూడండి.

బట్టల దగ్గరికొస్తే మీకు ముందు కావాల్సింది తప్పించుకునే మాట. లోపలికి అడుగుపెట్టగానే ఎవరో ఒకరు వచ్చి 'కెన్ ఐ హెల్ప్ యు?' అంటారు. ఊరికే చూస్తున్నానండీ అనడానికి 'ఐ యామ్ జస్ట్ లుకింగ్, థ్యాంక్స్'. బంగారం లాంటి మాట, వెంటనే వదిలేస్తారు. కొందరు 'ఆర్ యు ఆల్‌రైట్ దేర్?' అని కూడా అడుగుతారు. ఒంట్లో బాగాలేదనుకున్నారా ఏంటి అని కంగారుపడకండి, అదీ 'ఏమైనా కావాలా' అనే. వేసుకుని చూడాలంటే 'కెన్ ఐ ట్రై దిస్ ఆన్?'. ఆ చివర 'ఆన్' మర్చిపోవద్దు, ఒంటిమీద వేసుకుని చూడటం అన్న అర్థం దానిలోనే ఉంది. మనం ట్రయల్ రూమ్ అంటాం, అది చాలా చోట్ల ఎవరికీ తెలియదు. 'ఫిట్టింగ్ రూమ్' అని అడగండి.

వేసుకుని చూశాక చెప్పాల్సిన మాటలు రెండు, ఆ రెండూ తెలుగులో ఉన్నవే, అచ్చంగా ఉన్నవే. 'సరిపోలేదు' అంటే 'ఇట్ డజంట్ ఫిట్'. 'నప్పలేదు' అంటే 'ఇట్ డజంట్ సూట్ మీ'. మొదటిది కొలత సంగతి, రెండోది మొహానికి రంగు నప్పడం, నప్పకపోవడం సంగతి. సరిపోలేదంటే వాళ్లు ఇంకో సైజు తెస్తారు, నప్పలేదంటే ఇంకో రంగో ఇంకో రకమో చూపిస్తారు. ఇది తారుమారైతే మీరు అక్కడ గంటసేపు ఉంటారు. మా బంధువొకావిడ ఒక రంగు నచ్చక 'నాట్ ఫిట్, నాట్ ఫిట్' అంటుంటే, పాపం అక్కడి మనిషి అదే రంగులో అన్ని సైజులూ దింపింది. చివరికి మొహమాటపడి ఆవిడ ఒకటి కొనుక్కుని వచ్చింది, ఇప్పటిదాకా కట్ట విప్పలేదు.

అలాగే 'చాలా' అనే మాట. మనం 'చాలా పెద్దగా ఉంది' అంటే పెద్దదని మెచ్చుకుంటున్నామో, పెద్దదైపోయిందని వద్దంటున్నామో మొహం చూసి తెలుసుకోవాలి. ఇంగ్లీష్‌లో దానికి రెండు మాటలున్నాయి. 'వెరీ బిగ్' అంటే బాగా పెద్దది. 'టూ బిగ్' అంటే కావాల్సినదానికన్నా ఎక్కువ, అంటే నాకు పనికిరాదు. 'టూ టైట్', 'టూ లూజ్', 'టూ లాంగ్', 'టూ ఎక్స్‌పెన్సివ్'. 'టూ' వచ్చిందంటే లోపల ఒక 'వద్దు' ఉందన్నమాట. 'వెరీ టైట్' అంటే వాళ్లు తల ఊపి ఊరుకోవచ్చు, 'టూ టైట్' అంటే వేరేది వెతుకుతారు.

ఇదే రకం, వేరే సైజులో ఉందా అనడానికి 'డూ యు హావ్ దిస్ ఇన్ ఎ బిగ్గర్ సైజ్?'. వేరే రంగులో అయితే 'ఇన్ బ్లాక్', 'ఇన్ గ్రీన్'. మన 'లో'కి ఇక్కడ సరిగ్గా 'ఇన్' సరిపోతుంది. జవాబులో 'అవుట్ ఆఫ్ స్టాక్' అనో 'సోల్డ్ అవుట్' అనో వినబడితే అయిపోయిందని. నచ్చితే 'ఐ విల్ టేక్ ఇట్', తీసుకుంటానని. నచ్చకపోతే 'ఐ విల్ థింక్ అబౌట్ ఇట్', ఆలోచించి చెప్తానని. మనం ఎలా అయితే మళ్లీ రాని షాపులో 'ఇప్పుడే వస్తామండీ' అంటామో అలాంటిదే, వాళ్లకీ తెలుసు.

బోర్డుల మీద రాతలు నెమ్మదిగా చదువుకునే వీలుంటుంది కాబట్టి వాటికి అంత టెన్షన్ అక్కర్లేదు, కానీ రెండు మోసపు మాటలున్నాయి. ఒకటి 'అప్ టు'. '50% ఆఫ్' అంటే సగం ధర. 'అప్ టు 50% ఆఫ్' అంటే ఎక్కడో ఏదో ఒకదాని మీద సగం తగ్గించారు, మీరు తీసుకున్నదాని మీద ఐదు శాతమే తగ్గి ఉండొచ్చు. ఆ 'అప్ టు'ని ఎప్పుడూ చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తారు. రెండోది 'సేల్'. 'ఫర్ సేల్' అంటే అమ్మకానికి ఉంది, అంతే, ధర తగ్గించారని కాదు. 'ఆన్ సేల్' అని రాసి, పక్కన కొట్టేసిన పాత ధర, కింద కొత్త ధర ఉంటే అప్పుడు తగ్గించినట్టు. 'క్లియరెన్స్' అంటే మిగిలిపోయిన సరుకు వదిలించుకుంటున్నారని, అలాంటివి చాలాచోట్ల వెనక్కి తీసుకోరు, కొనే ముందే అడగండి.

పలకడంలో ఒకటి రెండు. రిసీట్ స్పెల్లింగ్‌లో 'పి' ఉంటుంది, నోట్లో ఉండదు. షాపులో అరల మధ్య నడిచే సందుని 'ఐల్' అంటారు, దాని స్పెల్లింగ్‌లో 'ఎస్' ఉంటుంది, అదీ పలకరు. ఇది మీకు పనికొచ్చే మాట, ఎందుకంటే 'వేర్ కెన్ ఐ ఫైండ్ సోప్?' అని మీరడిగితే వచ్చే జవాబు 'ఐల్ సెవెన్' అనే. ఏడో సందు అన్నమాట, పైన అంకె వేలాడుతూ ఉంటుంది. బ్రిటన్ వాళ్లకి ట్రాలీ, అమెరికా వాళ్లకి కార్ట్. వాళ్లకి క్యూ, వీళ్లకి లైన్. వాళ్ల టిన్ను వీళ్ల క్యాను. మీరున్నచోట ఏదంటే అదనండి, రెండోది అన్నా అర్థమవుతుంది. మందుల షాపుని మెడికల్ షాప్ అనకుండా 'ఫార్మసీ' అంటే ఎక్కడైనా నడుస్తుంది. సరుకులకి వెళ్తున్నానని చెప్పడానికి కొందరు 'మార్కెటింగ్‌కి వెళ్తున్నా' అంటారు, అది ఉద్యోగం పేరు, 'షాపింగ్' అనండి.

కొలతలు పట్టిక వేసి నేర్చుకోవద్దు. ఇంట్లో ఏ డబ్బా చేతిలోకి తీసుకుంటే దానికి: 'ఎ లోఫ్ ఆఫ్ బ్రెడ్', 'ఎ బార్ ఆఫ్ సోప్', 'ఎ ట్యూబ్ ఆఫ్ టూత్‌పేస్ట్', 'ఎ కార్టన్ ఆఫ్ మిల్క్'. సబ్బుని సబ్బు అనే లెక్కపెట్టరు వాళ్లు, కడ్డీ అని లెక్కపెడతారు. 'టూ సోప్స్' అన్నా రెండు సబ్బులే ఇస్తారులెండి. బరువు చీటీ మీద 'ఎల్‌బి' అని కనిపిస్తే అది పౌండ్, డబ్బు పౌండ్ కాదు తూకం పౌండ్, సుమారు 454 గ్రాములు. ఆ రెండక్షరాలు లాటిన్‌లో తూకానికి వాడే 'లిబ్రా' అనే మాటలోంచి వచ్చాయట్లెండి, అందుకే పలకడానికీ రాతకీ పొంతన ఉండదు.

ఇక సాధన ఎలాగంటే, మీ నోట్‌బుక్ కంటే మంచి పుస్తకం మీ ఇంట్లోనే ఉంది, కొన్నప్పుడు ఇచ్చిన రిసీట్. పారేయకండి. ఇంటికొచ్చాక సామాన్లు బల్లమీద పరిచి, రిసీట్‌లో ఒక్కో గీత చదువుతూ ఏది దేనిదో జత చేయండి. పేర్లు కుదించి రాస్తారు, మొదట్లో పజిల్‌లా ఉంటుంది, కానీ మీరు వాడే వస్తువుల పేర్లే కాబట్టి మూడు నాలుగు సార్లకి పట్టుబడతాయి. ఎవరో తయారుచేసిన 300 పదాల్లో మీరు జన్మలో కొననివి సగం ఉంటాయి. కింద 'టోటల్', 'చేంజ్' అని ఉంటాయి చూడండి, చేంజ్ అంటే మీకు తిరిగొచ్చిన చిల్లర.

ఇంకోటి, మీ అమ్మాయిని కౌంటర్‌లో కూర్చోబెట్టండి. వంటింటి గట్టే కౌంటర్. ఆమె ఆ ఐదు ప్రశ్నల్ని వరస మార్చి, వేగంగా, మొహం చూడకుండా అడగాలి, అసలు షాపులో అలాగే అడుగుతారు కాబట్టి. మీరు జవాబు చెప్పాలి. రోజుకి ఐదు నిమిషాలు చాలు. ఆమె జాలిపడి నెమ్మదిగా అడిగితే మాత్రం లాభం లేదు. షాపుకి వెళ్లేటప్పుడు రద్దీ లేని వేళ చూసుకుని వెళ్లండి, వెనకాల పదిమంది నిలబడి ఉంటే వచ్చిన ఇంగ్లీష్ కూడా పోతుంది.

మనిషితో మాట్లాడటం దేనికి, మనమే స్కాన్ చేసుకునే మెషీన్ ఉంది కదా అని మీకు అనిపించవచ్చు. నేనైతే మొదట్లో వద్దంటాను. ఆ మెషీన్ ఉన్నట్టుండి 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఐటమ్ ఇన్ ద బ్యాగింగ్ ఏరియా' అని అరుస్తుంది. దొంగతనం అంటగట్టిందేమో అని నేను చేతులెత్తేశాను మొదటిసారి. సంగతేంటంటే కొన్నిచోట్ల సంచి పెట్టే బల్ల కింద తూకం ఉంటుంది, స్కాన్ చేసినదానికీ బల్లమీద బరువుకీ లెక్క కుదరకపోతే అలా కూస్తుంది. మన సొంత సంచి పెట్టినా కూస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి ఏదో నొక్కి వెళ్తారు. మెషీన్‌ని 'సారీ, స్లోలీ ప్లీజ్' అని అడగలేం కదా, మనిషే నయం.

వయసు గురించి అడిగారు. 300 పదాలు అర్థాలతో సహా బట్టీ పట్టిన మనిషికి ఐదు ప్రశ్నలు, పది వాక్యాలు ఒక లెక్కా? యాస పోదు, పోనక్కర్లేదు. డబ్బులిచ్చి కొనుక్కునే మనిషి యాస ఏ షాపులోనూ ఎవరూ పట్టించుకోరు.

ఇప్పుడు మూలన పడేసిన బూట్ల సంగతి. అవి ఈ వారమే తీసుకెళ్లండి, ఎందుకంటే చాలా షాపుల్లో మార్పిడికి గడువుంటుంది, ఎన్ని రోజులన్నది రిసీట్ వెనకో అడుగునో రాసి ఉంటుంది. బయట తిరిగి మట్టి చేయకూడదు, పెట్టె, చీటీ అన్నీ ఉండాలి. నేరుగా బల్ల దగ్గరికెళ్లి పెట్టె పెట్టి ఇలా అనండి: 'హలో. ఐ బాట్ దీజ్ షూస్ హియర్. దే ఆర్ టూ టైట్. కెన్ ఐ ఎక్స్ఛేంజ్ దెమ్ ఫర్ ఎ బిగ్గర్ సైజ్, ప్లీజ్?' నాలుగు ముక్కలు, మధ్యలో ఊపిరి తీసుకుని చెప్పుకోవచ్చు. వెంటనే వాళ్లు అడిగేది 'డూ యు హావ్ ద రిసీట్?', చివరి మాట విన్నారుగా, చీటీ తీసి ఇవ్వండి. పెద్ద సైజు లేదంటే 'కెన్ ఐ హావ్ ఎ రిఫండ్?' అనండి, డబ్బులు వాపసు అని. వాళ్లు 'స్టోర్ క్రెడిట్' అంటే డబ్బు ఇవ్వరు, అంత విలువకి అదే షాపులో ఇంకేమైనా కొనుక్కోమంటున్నారని. అది మీకు ఇష్టమైతేనే 'ఓకే' అనండి, లేదంటే 'ఐ విల్ థింక్ అబౌట్ ఇట్' అని పెట్టె తీసుకుని వచ్చేయండి, రెండోసారి అమ్మాయితో వెళ్లొచ్చు. మార్చి ఇచ్చాక మళ్లీ అదే ప్రశ్న వస్తుంది, 'డ్యునీడబ్యాగ్?' అని. ఈసారి ఏమనాలో తెలుసు కదా. అన్నట్టు, సామాన్లన్నీ చంకలో పెట్టుకొచ్చిన హడావిడిలో ఆ బూట్ల రిసీట్ ఎక్కడ పెట్టారో ముందు వెతకండి.